చుక్కా గీతా మసకా: జగదల్‌పూర్‌లో ఒక సంవాదం

జిరాక్సు మిషను పూర్తిగా మొరాయిస్తే బాగుచేయడం పెద్ద పని కాదు. ఏ భాగం పోయిందో చాలావరకు అదే చెప్పేస్తుంది. పొద్దున్న మసక కాపీలిచ్చి, మెకానిక్ గుమ్మం ఎక్కేసరికి నిక్షేపంగా తీసే మిషనుతోనే అసలు తంటా. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ వానల్లో ఈ తంటా పడని ఆఫీసు అరుదు.

జగదల్‌పూర్‌లో తహసీలు కచేరీకి పోయే దారిలో ఒక తెలుగావిడ జిరాక్సు దుకాణం నడుపుతోంది. బైలాడిల్లా గనుల పనికీ, కొత్తవలస–కిరండుల్ రైలు మార్గం పనికీ ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఈ వైపే ఉండిపోయిన కుటుంబాలలో వాళ్ళదొకటి. ఆవిడ మరిది కాపియర్ల మెకానిక్. జగదల్‌పూర్ నుంచి సుక్మా, దంతెవాడ, బీజాపూర్ దాకా ఆఫీసు మిషన్లన్నీ చూస్తాడు. ఇద్దరూ పనిమంతులే. వచ్చిపోయే తప్పును పట్టుకోవడం ఎలా అన్న దగ్గర మాత్రం ఇద్దరికీ పొసగదు.

ఆ వాదన రాయాలనిపించడానికి కారణం ఆ దుకాణానికి వచ్చే కాగితాలు. దర్భా నుంచి, బాస్తానార్ నుంచి, లోహండిగూడ నుంచి జనం సంచిలో మడిచి తెచ్చుకునేవి భూమి తాలూకు బి-1, పి-2 నకళ్ళు, అటవీ హక్కుల పట్టాలు, కుల ధ్రువపత్రాలు. లోహండిగూడలో టాటా స్టీల్ కర్మాగారం కోసం తీసుకున్న భూములను 2019లో రైతులకు తిరిగి ఇచ్చినప్పుడు, భూమి తిరిగి వచ్చిందనడానికి చేతిలో మిగిలింది కాగితమే. ఆ కాగితం నకలు మీద ఒక అంకె మసకేస్తే మళ్ళీ బస్సెక్కాల్సింది ఆ రైతే. నా మొగ్గు మొదట్నుంచీ వదినగారి వైపే ఉంది. అయినా మరిది అన్నవాటిలో కొన్నిటికి ఆవిడ దగ్గరా జవాబు లేకపోయింది. అవీ రాస్తున్నాను. వాళ్ళ మాటల్లో తరచూ వచ్చే డ్రమ్ము, అక్షరం ముందుగా పౌడరుతో తయారయ్యే లోపలి రోలరు; అక్కడి నుంచే అది కాగితం మీదికి దిగుతుంది.

మరిది: వదినా, ఈసారి డ్రమ్ యూనిట్ మార్చేద్దాం. మీటరు చూశాను, దాని ఆయుష్షు అయిపోవచ్చింది. రోజూ ఫోన్లు చేసుకోవడం మీకూ బాధే, నాకూ బాధే.

వదిన: మారుద్దువుగాని, ఏ తప్పుకి మారుస్తున్నావో ముందు చెప్పు.

మరిది: మసకన్నారు, గీతన్నారు, చుక్కలన్నారు. మూడింటికీ డ్రమ్మే కారణం అయ్యుండొచ్చు.

వదిన: మూడూ ఒకే కాగితం మీద నువ్వెప్పుడైనా చూశావా? నేను చూళ్ళేదు. మసక పొద్దున్నపూట వస్తోంది. గీత కట్టలు కట్టలు తీసేటప్పుడు వస్తోంది. చుక్క ఎప్పుడొస్తోందో నాకింకా అంతుపట్టలేదు. ఇదిగో, పాడైన కాపీ ఒక్కటీ పారెయ్యకుండా ఈ అట్టపెట్టెలో వేశాను. ప్రతిదాని వెనకా తారీకు, టైము, ఏ ట్రేలో కాగితం, అసలు కాగితం ఫీడర్లో పెట్టానా గ్లాసు మీద బోర్లించానా, అన్నీ పెన్సిలుతో రాసి ఉన్నాయి.

మరిది: మీరు రాశారు సరే. నేను తిరిగే ఆఫీసుల్లో అడిగితే ‘కభీ కభీ ఆతా హై’, అప్పుడప్పుడూ వస్తుంది అంటారు, అంతే. ఎప్పుడంటే చెప్పరు, ఎలాగంటే చెప్పరు. వెళ్ళి పది టెస్టు కాపీలు తీస్తాను, పదీ బాగుంటాయి. సుక్మా ఇక్కడికి వంద కిలోమీటర్లు. తప్పు కనపడలేదని వెనక్కొస్తే మర్నాడు మళ్ళీ ఫోను. అందుకని అనుమానం ఉన్నవన్నీ ఒక్కసారే మార్చేసి వస్తాను. ఇది బద్ధకం కాదు వదినా, బస్సు ఛార్జీల లెక్క.

వదిన: మార్చాక తగ్గుతోందా?

మరిది: చాలాసార్లు తగ్గింది.

వదిన: దేనివల్ల తగ్గిందో తెలుసా? ముసురు పట్టిన రోజు వెళ్ళావనుకో. తలుపు తీశావు, లోపలంతా తుడిచావు, కనెక్షన్లు పీకి మళ్ళీ పెట్టావు, ట్రేలో నలిగిన కాగితం తీసి కొత్త ప్యాకెట్టు విప్పావు. అన్నీ అయ్యాక డ్రమ్ము మార్చావు. మర్నాడు ఎండ కాసింది. తగ్గింది. ఇన్నిట్లో దేనికి తగ్గిందంటావు? బిల్లులో మాత్రం డ్రమ్మనే రాస్తావు. వచ్చిపోయే తప్పుకి పోవడం అలవాటే కదా. అది పోయిన రోజున ఎవరు దగ్గరుంటే పేరు వాళ్ళకొస్తుంది.

మరిది: భాగం మార్చి చూడటం కూడా పరీక్షే. బాగున్న మిషనులోంచి డ్రమ్ము తెచ్చి ఇందులో పెడతాను, ఇందులోది అందులో పెడతాను. తప్పు డ్రమ్ముతోపాటు అక్కడికి పోయిందా, డ్రమ్ముదే తప్పు. ఇక్కడే ఉండిపోయిందా, ఇంకోటి వెతుకుతాను. ఇంతకంటే గట్టి రుజువు ఏముంది?

వదిన: ఎప్పుడూ ఉండే తప్పుకైతే అదే గట్టిది. ఇరవై కాగితాలకి ఒకసారి వచ్చేదానికి? మార్చాక ఎన్ని కాపీలు తీసి చూస్తావు?

మరిది: పది. మహా అయితే పదిహేను.

ఇక్కడ నేనొక లెక్క వేశాను. ఇరవైలో ఒకటి చొప్పున వచ్చే తప్పు, మిషనులో అలాగే ఉన్నా, పది కాగితాల్లో ఒక్కసారీ కనపడకుండా తప్పించుకునే అవకాశం దాదాపు 60 శాతం. అంటే ఏమీ చేయకుండా పది కాపీలు తీసి చూపించినా సగంమందికి పైగా మెకానిక్‌లు బాగుచేశామనే అనుకుంటారు. ఆ అవకాశం 5 శాతం కిందికి దిగాలంటే అరవై కాపీలు వరసగా మంచివి రావాలి. పది చూసి సర్వీసు రిపోర్టు మీద సంతకం పెట్టించుకోవడమే ఆఫీసుల్లో జరుగుతోంది. ఆ సంతకాన్ని రుజువుగా నేను ఒప్పుకోలేను.

మరిది: అరవై కాగితాల ఖరీదు ఎవరిస్తారు? సరే, ఆ మాట పక్కనపెట్టండి. మీ పెట్టె ఇలా ఇవ్వండి. ముందు గీతలవి చూద్దాం.

వదిన: ఈ పదకొండూ గీతలవి. చూడు, అన్నిటి మీదా గీత ఒకే చోటుంది. కుడి అంచు నుంచి నాలుగు వేళ్ళ దూరంలో, పై నుంచి కింది దాకా. పదకొండూ ఫీడర్లోంచి తీసినవే. గ్లాసు మీద పెట్టి తీసినదాని మీద ఒక్క గీతా లేదు. కంప్యూటర్ నుంచి ప్రింటు ఇచ్చినప్పుడూ లేదు.

మరిది: అయితే డ్రమ్ము సంగతి వదిలెయ్యండి. ఇది స్కానరుదే. ఫీడర్లోంచి కాగితం పరుగెత్తేటప్పుడు కింద కెమెరా కదలదు, కాగితమే కదులుతుంది. పెద్ద గ్లాసు పక్కన వేలెడు వెడల్పు గాజు పట్టీ ఉంటుంది చూశారా, దానిమీంచి దాటుతుంది. ఆ పట్టీ మీద ఆవగింజలో సగం మరక ఉన్నా, కాగితం పొడుగునా గీతైపోతుంది. పెద్ద గ్లాసు మీద అదే మరక ఉంటే చిన్న చుక్కగా ఉండిపోతుంది. ఇలా రండి. వెలుగుకి ఏటవాలుగా చూడండి.

వదిన: ఏమీ లేదే.

మరిది: కంటికి ఆనదు. గోరు పెట్టి మెల్లిగా జరపండి. తగిలిందా? అది వైట్‌నరు. ఎవరో తప్పు దిద్దిన కాగితం ఆరకుండానే ఫీడర్లో పెట్టారు. స్పిరిటులో ముంచిన బట్టతో రెండుసార్లు తుడిస్తే పోతుంది.

వదిన: దీనికి డ్రమ్ము మార్చేద్దామన్నావు.

మరిది: అన్నాను. మీ కాగితాల వెనక రాత లేకపోతే, తలుపు తీసి డ్రమ్ము మార్చి గాజు పట్టీ కూడా ఎలాగూ తుడిచేవాణ్ణి, తగ్గేది. నల్లగీతకి ఒక గాజు, తెల్లగీతకి ఇంకో గాజు, ఇది కూడా తెలుసుకోండి. లేజరు వెలుగు డ్రమ్ము మీదికి వచ్చే దారిలో లోపల ఇంకో సన్నటి గాజుంది. బచేలీ, కిరండుల్ ఆఫీసుల్లో ఎర్ర ఇనుప ధూళి దానిమీద పేరుకుంటుంది. అక్కడ దుమ్ము పడితే లేజరు డ్రమ్మును తాకదు. తాకని చోట పౌడరు అంటదు, కాగితం మీద తెల్లచార వస్తుంది. స్కానరు గాజు మీద దుమ్ము పడితే దాన్నే నల్లగా చదువుతుంది. దుమ్ము ఒకటే, కూచున్న చోటుని బట్టి రంగు మారుతుంది.

నల్లగీతా తెల్లగీతా అని అడిగితేనే సగం దారి తేలిపోతుందన్నమాట. ఆఫీసు గుమాస్తా ఎవరైనా ఫోనులో చెప్పగలిగిన విషయం. ఎవరూ అడగరు కనక ఎవరూ చెప్పరు.

వదిన: ఇప్పుడు మసక. ఇవి చాలా ఉన్నాయి. టైములు చదువుతాను: తొమ్మిదిన్నర, తొమ్మిదీ నలభై, పది, తొమ్మిదిన్నర, పదింపావు. పదకొండు దాటాక ఒక్కటీ లేదు. మధ్యాహ్నం నువ్వు ఎన్నిసార్లు వచ్చినా నీకు కనపడకపోవడానికి అదే కారణం.

మరిది: మిషను వేడెక్కాక సర్దుకుంటోందంటే డ్రమ్ము మీద ఛార్జి సరిగా నిలవడం లేదు. పాతబడ్డ డ్రమ్ముకి ఇది మామూలే.

వదిన: ఇంకో సంగతి రాశాను. ట్రేలో రాత్రి కాగితం నింపి ఉంచిన మర్నాడే ఇలా వస్తోంది. ట్రే ఖాళీ అయిపోయి పొద్దున్నే కొత్త ప్యాకెట్టు విప్పిన రోజు తొమ్మిదిన్నరకి కూడా బాగానే వచ్చింది. డ్రమ్ము పాతబడితే కాగితం కొత్తదైనంత మాత్రాన బాగెందుకవుతుంది?

మరిది: అలాంటి రోజులెన్ని?

వదిన: మూడు.

మరిది: మూడుతో తేల్చేస్తారా? నన్నేమో అరవై కాపీలు తియ్యమన్నారు.

వదిన: తేల్చమనడం లేదు. అటువైపు చూడమంటున్నాను.

మరిది: అయితే నా పద్ధతిలో చూద్దాం. ఇది రాత్రంతా ట్రేలో ఉన్న కాగితం కదా. కాపీ నొక్కండి. కాగితం సగం దూరం పోగానే నేను ముందు తలుపు తీసేస్తాను, మిషను అక్కడికక్కడ ఆగిపోతుంది. ఆ పేపరు పట్టుకోండి, డ్రమ్ము బయటికి తీయగానే కప్పెయ్యాలి. దానికి వెలుగు తగలకూడదు. తీశాను. చూడండి, డ్రమ్ము మీద అక్షరాలు ఎలా ఉన్నాయి?

వదిన: నల్లగా, నిండుగా ఉన్నాయి.

మరిది: కాగితం మీద?

వదిన: మచ్చలు మచ్చలుగా ఉన్నాయి. అంచుల దగ్గర మరీ వెలిసిపోయాయి.

మరిది: మీరే గెలిచారు. అక్షరం డ్రమ్ము మీద నిండుగానే తయారైంది. కాగితం మీదికి దిగేటప్పుడు చెడింది. కాగితం వెనక నుంచి ఒక రోలరు కరెంటు పెట్టి పౌడర్ని డ్రమ్ము మీంచి ఇటు లాగుతుంది. కాగితం తడి పీలిస్తే ఆ కరెంటు కాగితంలోంచే జారిపోతుంది, లాగే బలం ఉండదు. తడి ముందు అంచులనే పట్టుకుంటుంది, అందుకే అంచులు ఎక్కువ వెలిశాయి.

సగంలో ఆపి చూసే ఈ పరీక్షకి పరికరమంటూ ఏమీ అక్కర్లేదు. డ్రమ్ము దాకా ఉన్న భాగాలను ఒక వైపుకీ, తరవాతవాటిని ఇంకో వైపుకీ రెండు చేతులతో విడదీసినట్టుగా తేల్చేస్తుంది. వేడి రోలర్ల దగ్గరికి చేరకముందే కాగితం ఆగిందంటే పౌడరు ఇంకా కరగలేదు, వేలు పెడితే చెరిగిపోతుంది. డ్రమ్ము మీదా కాగితం మీదా కూడా బాగుండి, బయటికి వచ్చాక చెడితే తప్పు ఆ రోలర్లది. ఈ పరీక్ష చేయకుండా భాగాలు మార్చే మెకానిక్‌ను నేను సమర్థించను.

తడికీ ఈ యంత్రానికీ పడకపోవడం మొదటి రోజు నుంచీ ఉన్నదే. 1938 అక్టోబరు 22న న్యూయార్క్ ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్ గంధకం పూత వేసిన జింకు పలకను చేతిరుమాలుతో రుద్ది, ఆ రాపిడి విద్యుత్తుతో మొదటి నకలు తీశాడు. ఇప్పటికీ అక్షరాన్ని పట్టి ఉంచేది అలాంటి స్థిర విద్యుత్తే. గాలి తడిస్తే అది నిలవదు. చిత్రకోట జలపాతం దగ్గర ఇంద్రావతి ఎర్రగా విరుచుకుపడే రోజుల్లో జగదల్‌పూర్‌లో గోడలే చెమరుస్తాయి, కాగితం సంగతి చెప్పనక్కర్లేదు.

మరిది: కానీ వదినా, నాకొకటి అర్థం కావడం లేదు. పోయిన ఏడాది నేనే మీ ట్రే కింద హీటరు పెట్టాను, ఈ తడి కోసమే. రాత్రి మిషను ఆపేసినా అది వెచ్చగా ఉంటుంది, కాగితాన్ని చెమ్మగిల్లనివ్వదు. అది పనిచేస్తే మీ పెట్టెలో ఈ కాగితాలే ఉండకూడదు.

వదిన: రాత్రి మిషను ఆపాక గోడ మీద స్విచ్చి కూడా ఆపేస్తాను కదా.

మరిది: రోజూనా?

వదిన: రోజూ. పిడుగులు పడే ఊరు. ఎదురు దుకాణంలో కంప్యూటరు అలాగే కాలిపోయింది.

మరిది: ఇంకేం! హీటరుకి కరెంటెక్కడిది? చూశారా, తారీకు రాశారు, టైము రాశారు, ట్రే రాశారు. స్విచ్చి ఆపేస్తున్నట్టు ఒక్క కాగితం వెనకా లేదు. అలవాటైపోయింది కనక అది మీకు సంగతిగా తోచలేదు. మీరు చూసిందే రాస్తారు, రోజూ చేసేది రాయరు. అసలు కారణం అక్కడే ఉండొచ్చు. అది చూడ్డానికి బయటివాడు రావాలి.

దీనికి వదినగారు వెంటనే ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేను. దగ్గరున్న మనిషి రాసుకోవాలి, తప్పదు. అయినా ఆ మనిషి అలవాటు ఆ రాతలోకి రాదు. ఏం రాశారని చూసి ఊరుకోకుండా, రోజంతా ఏమేం చేస్తారో మొదటి నుంచి చెప్పించుకోవడం మెకానిక్ పని. దుకాణం తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా.

వదిన: స్విచ్చి ఆపకుండా ఉంచలేను. పిడుగు పడితే హీటరుతోపాటు మిషనూ పోతుంది.

మరిది: ఉంచొద్దు. రాత్రి ట్రే ఖాళీ చేసి, కాగితం దాని ప్యాకెట్లోనే చుట్టి డబ్బాలో పెట్టండి. పొద్దున్న రాగానే స్విచ్చి వెయ్యండి, ఊడ్చుకుని, దీపం పెట్టుకుని, అప్పుడు కాగితం నింపండి. అదీ ఒక పూటకి సరిపడా. అయిదొందల కాగితాలూ ఒక్కసారి విప్పకండి.

వదిన: ఇది మీ ఆఫీసులవాళ్ళకి చెప్పావా ఎప్పుడైనా? అక్కడ బీరువా పక్కన నేలమీద ప్యాకెట్లు విప్పి పడేసి ఉంటాయి.

మరిది: చెప్పలేదు. డ్రమ్ములు మార్చాను.

వేసవిలో వచ్చే గోల ఇంకొకటుంది. సాయంత్రాలు వోల్టేజీ పడిపోతే ఫ్యూజరుకి, అంటే ఆ వేడి రోలర్లకి, వేడి చాలక, అక్షరం వేలికి నల్లగా అంటుకొస్తుంది. ముఖ్యంగా దళసరి స్టాంపు కాగితం మీద. దానిమీద ఇద్దరికీ తగాదా లేదు. స్టెబిలైజరు పెట్టుకోవాలి, దళసరి కాగితానికి మిషనులో దళసరి అని నొక్కాలి. వాదన ఎక్కువసేపు నడిచింది చుక్కల గురించే.

వదిన: చుక్కలకి నా రాతంతా వృథా అయింది. పొద్దునా వచ్చింది, సాయంత్రమూ వచ్చింది. ఫీడర్లో తీసినా వచ్చింది, గ్లాసు మీదా వచ్చింది. పది కాపీలు శుభ్రంగా వచ్చి పదకొండోదాని మీద పడుతుంది. ఈ కుల ధ్రువపత్రం నకలు చూడు. పేరులో అక్షరం నెత్తిన చుక్క పడింది. మన తెలుగులోనైతే మరక అనుకుని ఊరుకుంటాం. దేవనాగరిలో నెత్తిన చుక్కంటే సున్నా. పేరే మారిపోయింది. ఆ గుమాస్తా ‘ఒరిజినల్లో ఇలా లేదే’ అని తిప్పి పంపేశాడు. ఆ పిల్లవాడు దర్భా నుంచి రెండోసారి వచ్చాడు.

ఇది వినడానికి చిన్న సంగతి. కాని ఛత్తీస్‌గఢ్‌లో తెగ పేరు హిందీలో ఒకలా, ప్రభుత్వ జాబితాలో ఇంకొకలా ఉన్నందువల్ల కొన్ని సముదాయాలు ఏళ్ళ తరబడి ఎస్టీ ధ్రువపత్రాలకు నోచుకోలేదు. వాళ్ళ పేర్ల రూపాలను జాబితాలో చేర్చడానికి 2023లో పార్లమెంటు చట్టమే చేయాల్సి వచ్చింది. అక్షరం అంత పట్టింపుగా చూసే చోట, యంత్రం పెట్టిన చుక్కను గుమాస్తా అనుమానించాడంటే అతన్ని తప్పుపట్టలేను.

మరిది: చుక్కకి మీ పెట్టె పనికిరాదు. తెల్ల కాగితాలు పది తీసుకోండి. గ్లాసు మీద ఏమీ పెట్టకుండా, మీద తెల్ల కాగితమే పరిచి, పది కాపీలు నొక్కండి. స్కేలు ఇటివ్వండి. ఇప్పుడు చూడండి.

వదిన: పదింటి మీదా ఉన్నాయి!

మరిది: ఉన్నాయి కదా. అంగుళాలొద్దు, మిల్లీమీటర్ల వైపు పెట్టండి. ఈ చుక్క నుంచి కింది చుక్కకి ఎంత?

వదిన: తొంభై నాలుగు.

మరిది: ఇంకో కాగితం.

వదిన: చుక్క వేరే చోట మొదలైంది. మధ్య దూరం మాత్రం తొంభై నాలుగే.

మరిది: మీ మిషను డ్రమ్ము అడ్డుకొలత 30 మిల్లీమీటర్లు. చుట్టుకొలతకి దాన్ని 3.14తో హెచ్చవేయండి. 94. డ్రమ్ము ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒక చుక్క వేస్తోంది. కాగితం మొదలయ్యేసరికి డ్రమ్ము ఎక్కడుంటే అక్కడి నుంచి లెక్క, అందుకే ప్రతి కాగితం మీదా చోటు మారుతోంది. చుక్క అక్షరం మీద పడితే అక్షరంలో కలిసిపోతుంది, మీకు కనపడదు. ఖాళీ మీద పడితే కనపడుతుంది. అక్షరం నెత్తిన పడితే కుర్రవాడు దర్భా నుంచి మళ్ళీ వస్తాడు. ఇది వచ్చిపోయే తప్పు కాదు వదినా, ఎప్పుడూ ఉన్నదే. మీకే కనపడి కనపడకుండా ఉంది.

వదిన: దూరం వేరేగా ఉంటే?

మరిది: ఇంకో రోలరు. ఛార్జి ఇచ్చే రోలరు సన్నం, అది 14 మిల్లీమీటర్లదైతే 44కి ఒకసారి పడుతుంది. ఫ్యూజరు రోలరు 40దైతే 125, 126. పౌడరు అందించే రోలరు మాత్రం డ్రమ్ము కంటే వేగంగా తిరుగుతుంది, కాబట్టి దాని చుక్కల దూరం దాని చుట్టుకొలత కంటే తక్కువ ఉంటుంది. ప్రతి కంపెనీ సర్వీసు పుస్తకంలోనూ ఈ పట్టిక ఉంటుంది. చుక్కల మధ్య దూరం ఒకేలా లేకుండా చిందరవందరగా పడితే అది రోలరుది కాదు, ఎక్కడి నుంచో పౌడరు రాలుతోంది. ఇటు డ్రమ్ము చూడండి, వెలుగు తగలనివ్వకుండా కొంచెం తిప్పుతాను. ఆ గీరు కనపడిందా? స్టేపిల్ పిన్ను. పూత లేచిపోయింది, అక్కడ ఛార్జి నిలవదు, నిలవని చోటల్లా పౌడరు పట్టుకుంటుంది.

వదిన: పిన్ను నా మిషనులోకెలా వచ్చింది?

మరిది: ఒకవైపు వాడిన కాగితాలు రెండోవైపు తీయడానికి ట్రేలో పెట్టారా?

వదిన: దుకాణం రఫ్ కాపీలకి పెట్టాను.

మరిది: అందులోదే. అదీ మీ పెన్సిలు రాతలో లేదు.

వదిన: లేదు, ఒప్పుకుంటున్నాను. ఇకనుంచి ‘రెండోవైపు’ అని కూడా రాస్తాను.

మరిది: రాయండి. కంటికి కనపడిందే మీ పెట్టెలో పడుతుందని మాత్రం మర్చిపోకండి. 2013లో జర్మనీలో ఏం జరిగిందో మా ట్రైనింగులో చెప్పారు. ఒక ఇంటి ప్లాను జిరాక్స్ కంపెనీ వర్క్‌సెంటర్ మిషనులో స్కాను చేశారు. ఒక గది 14.13 చదరపు మీటర్లు, ఇంకోటి 21.11, మూడోది 17.42. కాపీలో మూడు గదులూ 14.13 అయ్యాయి. మసక లేదు, చుక్క లేదు, అంకెలు ముత్యాల్లా ఉన్నాయి. ఫైలు చిన్నది చేయడానికి, ఒకేలా ఉన్నాయనుకున్న ముక్కల్ని మిషనే ఒకదాని బదులు ఇంకోటి పెట్టేసింది. డేవిడ్ క్రీసెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త బయటపెట్టాడు, కంపెనీ సాఫ్ట్‌వేరు దిద్దింది. ఆ తప్పు మీ పెట్టెలో పడేదేనా? బాగున్న కాపీ అనుకుని రైతు చేతిలో పెట్టేసేవారు. అందుకే ఏమేం ఉన్నాయో ముందే తెలిసిన కాగితం ఒకటి పెట్టుకుని, అప్పుడప్పుడూ దాన్నే తీసి పోల్చుకోవాలంటాను.

వదిన: అది ఎవరు పట్టుకున్నారు? మెకానిక్కా?

మరిది: కాదు. ఆ ప్లాను వాడేవాళ్ళకే ముందు అనుమానం వచ్చింది. చిన్న గది మీదా పెద్ద గది మీదా ఒకే కొలతుంటే.

వదిన: మరి? గదెంతో తెలిసినవాళ్ళు కనక పట్టుకున్నారు. బి-1లో ఎకరం పొలం 0.405 హెక్టార్లని ఉంటుంది. కాపీలో ఇంకోలా వస్తే నీకు తెలీదు, నాకు తెలీదు, ఆ పొలం దున్నేవాడికి తెలుస్తుంది. చదవడం రానివాడైతే నేను చదివి వినిపించాలి. నువ్వు చెప్పిన కాగితం పెట్టుకుంటాను. దాంతోపాటు భూమి కాగితం ఏదొచ్చినా ఖస్రా నంబరు, రకబా (విస్తీర్ణం) వాళ్ళ హల్బీ భాషలో చదివి ‘ఇంతేనా’ అని అడిగి ఇస్తాను.

మరిది: రద్దీలో ఎంతమందికని అడుగుతారు?

వదిన: భూమి కాగితం వరకే అన్నాను. పిల్లల పుస్తకాలకి కాదు.

నాకు ఈ చోట ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారనిపించింది, ఇద్దరూ ఒప్పుకోరు కాని. తెలిసిన కాగితంతో పోల్చడమనేది మెకానిక్ చేసే పని. తన భూమి తెలిసిన మనిషితో పోల్చుకోవడం దుకాణంలోనే జరగాలి.

మరిది: మీ దుకాణం సంగతి సరే. సుక్మాలో ఎవరు రాస్తారు? గుమాస్తా మారుతుంటాడు, కాపీలు తీసేది ప్యూను. పాడైనదాన్ని నలిపి బుట్టలో వేస్తాడు.

వదిన: ఆ బుట్టే కావాలి. మిషను పక్కన ఒక అట్టపెట్టె పెట్టి, పెన్సిలు దారంతో కట్టు. ఎక్కువ రాయమనకు. టైము, ఫీడరా గ్లాసా ప్రింటా, ఎండా వానా. ఏమీ రాయకపోయినా పర్లేదు, నలపకుండా వెయ్యమను చాలు. నువ్వు వెళ్ళినప్పుడు పది టెస్టు కాపీలు తీసేముందు ఆ పెట్టె విప్పు. గీతలన్నీ ఒకచోట, మసకవన్నీ ఒకచోట పేర్చు. స్కేలు నీ జేబులో ఉంటుంది.

మరిది: నాలుగు ఆఫీసుల్లో పెట్టి చూస్తాను. కుదరకపోతే మళ్ళీ నా దారి నాదే. డ్రమ్ము పట్టుకెళ్ళకుండా సుక్మా బస్సెక్కమంటే మాత్రం ఎక్కను. మళ్ళీ వెళ్ళడానికయ్యే ఖర్చులో సగానికే వస్తుంది డ్రమ్ము.

వదిన: పట్టుకెళ్ళు. సంచిలోంచి ఆఖర్న తియ్యి.

మరిది: మీకు మాత్రం ఇప్పుడే తీయాలి. గీరు పడ్డ డ్రమ్ముకి వేరే మందు లేదు.

వదిన: మార్చు. బిల్లు కూడా రాయి. రిపోర్టులో ‘94 మిల్లీమీటర్లకొక చుక్క, పిన్ను గీరు’ అని రాసి డ్రమ్మని రాయి. గీతకి గాజు పట్టీ తుడిచామని రాయి, మసకకి కాగితం తడి, స్విచ్చి అని రాయి. మూడూ కలిపి డ్రమ్ము కింద రాస్తే సంతకం పెట్టను.

మరిది: స్విచ్చని కూడా రాయమంటారా?

వదిన: రాయి. తరవాత వచ్చే మెకానిక్కి తెలియాలి కదా.